మణికట్టు దాకా

ఆ వేసవిలో నాకు తెలుపంటే రోత పుట్టింది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని. తెల్లబట్ట నాకు తిండి పెట్టిన బట్ట. ఆసుపత్రి కోట్లు, బడిపిల్లల చొక్కాలు, హోటలు వంటవాళ్ళ ఏప్రాన్లు, అన్నీ తెలుపే. అయినా ఇప్పుడు ఎవరైనా వచ్చి పెళ్ళంతా తెలుపులో చేస్తున్నాం అంటే నాకు వినబుద్ధి కాదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ముందు గది నాది. అక్కడ కుట్టు మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ పెట్టె. వెనక పెరడు అక్కది. అక్కడ మూడు నీలి బానలు, బట్టలు ఆరేసే తీగలు. మధ్యలో వంటగది ఇద్దరిదీ. అక్క నా గదిలోకి వచ్చినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని వస్తుంది. నేను పెరట్లోకి వెళ్ళినా దేన్నీ ముట్టుకోను. నీలి రంగు చేతికి అంటిందంటే పది రోజులు వదలదు. చెమట పడితే ఊడి, పట్టుకున్న బట్టకి అంటుతుంది. ఒక్క మరక పడితే కోటూ పోతుంది, కోటు ఇచ్చినవాడూ పోతాడు. అందుకని ఆ బానల్లో ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. అక్క చేతులు మణికట్టు దాకా నీలం, గోళ్ళయితే నలుపే. నా చేతులు మాత్రం ఏ పనీ చెయ్యనిదాని చేతుల్లా తెల్లగా ఉంటాయి.

ఆ రెండు జతల చేతులతో ఒక పిల్లని పెంచాం. అక్క కూతురు అది. బావ పోయేనాటికి దానికి రెండేళ్ళు. లేచింది మొదలు నోరు మూయకుండా వాగేదని గోరింక అని నేనే పేరు పెట్టాను, ఆ పేరే నిలిచింది.

ఎండలు మొదలైన వారంలో గోరింక ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, వంటగది గడప మీద కూర్చుని, పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పింది. అబ్బాయి ఇళ్ళకి నమూనాలు గీస్తాడు. ఏడాదిగా తెలుసు మాకు. వచ్చినప్పుడల్లా బుద్ధిగా కూర్చుని, పెట్టింది తిని వెళ్ళేవాడు.

"తంతులేమీ ఉండవు పిన్నీ. ఒక తోటలో రిజిస్ట్రారు వస్తాడు, సంతకాలు పెడతాం, ఒకరి గురించి ఒకరం రాసుకున్న నాలుగు మాటలు చదువుకుంటాం. అంతే. బంగారం లేదు, ఊరేగింపు లేదు."

"మరి ఏం వేసుకుంటావే?" అన్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, బట్ట మీదికే.

"నీలం గౌను. అమ్మ రంగు వెయ్యాలి, నువ్వు కుట్టాలి. మామూలు పెళ్ళి కానప్పుడు మామూలు బట్టెందుకు?"

 అక్క పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి చూద్దును కదా, అప్పుడే పెద్ద బాన మూత తీసి కలుపుతోంది.

తొమ్మిది మీటర్ల సన్న నూలుబట్ట. దానికి పదకొండు మునకలు వేసింది. నీలి బాన దగ్గర నిలబడటం అందరివల్లా కాదు, మురిగిన కంపు కొడుతుంది. బట్ట బయటికి తీసినప్పుడు పసరు రంగులో ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ నీలం తిరుగుతుంది. ఒక్కో మునకకి ఒక్కో పొర ఎక్కుతుంది. ముంచేటప్పుడు చెయ్యి ఆగకూడదు. సగంలో ఆగితే అక్కడ గీత పడుతుంది, ఆ తర్వాత ఎన్ని మునకలు వేసినా ఆ గీత పోదు. అక్క చెయ్యి ఆగలేదు. పదకొండో మునక ఆరిన సాయంత్రం ఆ బట్టని తీగ మీద చూడ్డానికి నేను కుట్టు మధ్యలో వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. జీవితంలో ఇంత మంచి రంగు తీయలేదే నేను, అంది అక్క. తనని తాను మెచ్చుకోవడం అదొక్కసారే విన్నాను.

ఆ మర్నాడు సెంటు సీసా వచ్చింది. ఆ అమ్మాయికి పేరుంది, చెప్పారు కూడా. నా మనసులో పడిన పేరు ఇదే. పెళ్ళిళ్ళకి ఏర్పాట్లు చేసి పెట్టడం ఆమె పని. అబ్బాయి తరఫువాళ్ళు కుదిర్చారు. నలగని తెల్ల చొక్కా, చంకలో పలక లాంటి ఫోను, ఆమె వెళ్ళిన గంట తర్వాత కూడా గదిలో తిరిగే వాసన. గోరింక వెంట వచ్చింది.

పెరట్లోకి అడుగుపెట్టి, ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, "ఎంత ఒరిజినల్‌గా ఉందో ఆంటీ" అంది. కంపుని కూడా మెచ్చుకోగలిగినవాళ్ళని నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత నా కత్తిరింపు బల్ల మీద ఒక అట్ట పరిచింది. దాని మీద నాలుగు బట్టముక్కలు అంటించి ఉన్నాయి. గవ్వ, వెన్న, ఇసుక, పొగమంచు అని పేర్లు. పిలిచిన నూటయాభై మందీ ఈ నాలుగింట్లో ఏదో ఒక రంగే వేసుకురావాలట. నాకు నాలుగూ తెలుపే. అక్క మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి, శ్రద్ధగా చూసింది.

"ఇది పసుపు తిన్న తెలుపు. ఇది ఉతికి ఉతికి వెలిసింది. ఇదేమో నీలం కొంచెం కలిపి తెలుపని మోసం చేసింది. నాలుగోది మురికమ్మా."

నాకు నవ్వాగలేదు. సెంటు సీసా కూడా నవ్వింది, పళ్ళతో మాత్రమే.

అప్పుడు అక్క నీలం బట్ట తెచ్చి చూపించింది. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి, ఫోనుతో ఫొటో తీసి, మాకు చూపించింది. "బట్ట అద్భుతం ఆంటీ. కానీ చూడండి, కెమెరాలో నల్లగా పడుతోంది. చుట్టూ అంతా తెలుపు, మధ్యలో పెళ్ళికూతురు నల్లగా. మీ అమ్మాయి కూడా మళ్ళీ ఆలోచించుకుంది."

గోరింక వైపు చూశాను. ఫోనులోకే చూస్తోంది. "ఫొటోలో నిజంగానే నల్లగా ఉందమ్మా" అంది.

"ఫొటోకి చేసుకుంటున్నావా పెళ్ళి, ఆ అబ్బాయికా?" అన్నాను.

"నువ్వుండవే" అంది అక్క. బట్ట మడత పెట్టడం మొదలుపెట్టింది.

"అయ్యో, మడిచి దాచెయ్యకండి ఆంటీ" అంది సెంటు సీసా. "నాకో ఐడియా వచ్చింది. దీన్ని చేతి రుమాళ్ళుగా కత్తిరిద్దాం. భోజనాల బల్లల మీద ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మీద చిన్న కార్డు, 'పెళ్ళికూతురి అమ్మ స్వహస్తాలతో అద్దినది' అని. చేత్తో చేసినవంటే ఇప్పుడు జనం ప్రాణం పెడతారు. నూటయాభై కావాలి."

పెళ్ళికూతురి ఒంటికి పనికిరాని బట్ట వచ్చినవాళ్ళ మూతులు తుడుచుకోడానికి పనికొచ్చిందన్నమాట. నా నోటి దాకా వచ్చింది ఆ మాట. గోరింక మొహం వెలిగిపోవడం చూసి మింగేశాను. "అమ్మా, అందరూ నీ గురించే మాట్లాడుకుంటారు" అంటోంది అది. అక్క తల ఊపింది.

ఆ బట్టని నేనే కత్తిరించాను. రెండో కొస అక్క పట్టుకుంది.  తొమ్మిది మీటర్లకి డెబ్బయి అయిదు వచ్చాయి. మిగతా డెబ్బయి అయిదూ అదే రంగులో కొత్తగా అద్దాలి. అంటే మళ్ళీ పదకొండు మునకలు. అక్క ఆ నెలంతా బానల దగ్గరే ఉంది. మామూలుగా వేసవిలో గిరాకీ తగ్గి, అక్క చేతులు కొంచెం తేటపడేవి, అరచేతుల్లో మనిషి రంగు కనిపించేది. ఆ ఏడు తేటపడలేదు. నేను ముందు గదిలో గోరింక గౌను కుడుతున్నాను, వెన్న రంగుది. మెడ మూడుసార్లు మార్పించారు, చేతులు రెండుసార్లు. ఏ అలంకారమూ లేని గౌనని పేరే గానీ, అన్ని కుట్లు నేను ఏ జరీ గౌనుకీ విప్పి కుట్టలేదు.

పెళ్ళి పన్నెండు రోజులుందనగా గౌను కొలత చూడటానికి వియ్యపురాలు వచ్చింది, సెంటు సీసాని వెంటబెట్టుకుని. పెద్దమనిషే, చెడ్డది కాదు. ప్రతి మూడో మాటకీ "మాకు ఏ పట్టింపులూ లేవు వదినగారూ" అంటుంది. అక్క టీ గ్లాసు అందించింది. వియ్యపురాలు ఆ చెయ్యి చూసింది, గ్లాసు చూసింది.

"బల్ల మీద పెట్టండి వదినగారూ, చల్లారాక తాగుతా" అంది.

అక్క బల్ల మీద పెట్టింది. అది చల్లారింది, మీగడ కట్టింది, చివరికి నేనే పారబోశాను.

"ఆ రంగు అసలు వదలదా?" అని అడిగింది వియ్యపురాలు, చాలా మెత్తగా.

"పని మానేస్తే పదిహేను రోజులకి వదులుతుందండీ. ఇంకా ముప్ఫై రుమాళ్ళు ఉన్నాయి."

"అవునవును, అవి ముఖ్యం." మళ్ళీ అక్క చెయ్యి వైపు చూసి, "మాకు పట్టింపులు లేవు. చూసేవాళ్ళే ఏమైనా జబ్బనుకుంటారేమోనని" అంది.

సెంటు సీసా వెంటనే అందుకుంది. "గ్లౌజులు. పల్చటి తెల్ల గ్లౌజులు. చాలా స్టైల్‌గా ఉంటుంది ఆంటీ, పాతకాలం దొరసానిలా." నా వైపు తిరిగింది. "మీరు కుట్టెయ్యగలరుగా?"

"నేను గ్లౌజులు కుట్టను" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక గోరింక నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. దాని ఒంటి మీద ఇంకా గుండుసూదులు గుచ్చిన గౌనే ఉంది.

"పిన్నీ, నా కోసం కుట్టు."

"ఆ రుమాళ్ళు కావాలి మీకు. అద్దిన చేతులు మాత్రం అక్కర్లేదు. ఛీ. నోటితో అడగడానికి సిగ్గు లేదుటే నీకు?"

"నాకు సిగ్గు కాదు. అందరూ అమ్మ చేతులే చూస్తారు. ఆ రోజంతా గుసగుసలాడతారు. అమ్మకే కష్టంగా ఉంటుంది. నేను అమ్మ కోసమే అంటున్నా."

"మీ అమ్మ కోసమైతే మీ అమ్మనడుగు."

"నువ్వడగవా పిన్నీ?"

చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చి, ఆ సంగతి వాళ్ళ అమ్మకి నన్ను చెప్పమనేది. అదే గొంతు. ఆ గొంతు విని నాకు జాలి వేసి ఉండాల్సింది. అసహ్యం వేసింది. బయటికి పొమ్మన్నాను.

ఆ సాయంత్రం నేను మిషను దగ్గరుండగా అక్క వచ్చింది. చేతులు వెనక్కి లేవు. నేను నమూనాలు గీసుకునే కాగితం ఒకటి లాగి బల్ల మీద పరిచి, దాని మీద కుడి చెయ్యి పెట్టింది, వేళ్ళు బాగా ఎడంగా.

"గియ్యి" అంది.

"ఏంటది?"

"తలుపు అవతల నేనున్నానని తెలీదుటే మీకు? గియ్యి. పిల్ల అడిగింది."

"అది అడిగితే నువ్వు బావిలో దూకుతావా?"

"ఇందులో బావేముంది. బట్ట తొడుక్కోవడమేగా." ఎడంగా పెట్టిన వేళ్ళు చూసుకుంటూ, "దాని పెళ్ళిలో నేను దాని పక్కన నిలబడాలే. అది చాలు నాకు. గ్లౌజులేసుకుంటే నిలబడనిస్తారంటే, వేసుకుంటా" అంది.

నేను పెన్సిలు తీసుకుని గీశాను. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కో వేలి చుట్టూ తిప్పి. తెల్లకాగితం మీద అక్క చెమట చేతి అచ్చు నీలంగా పడింది, నా గీతతో పని లేకుండానే. ఎడమ చెయ్యి కూడా పెట్టింది. కాసేపు ఆ కాగితం చూసుకుని వెళ్ళిపోయింది.

కుట్టాను. పనితనానికి లోటు చెయ్యలేదు, అదే నా ఖర్మ. బట్ట సాగడానికి ఏటవాలుగా కత్తిరించాను. వేళ్ళ సందుల్లో సన్నటి పట్టీలు వేశాను. అన్నిటికన్నా కష్టం బొటనవేలి మొదలు, అక్కడ ముక్క సరిగా పడకపోతే పిడికిలి ముడవలేరు. రెండుసార్లు విప్పి కుట్టాను. ఎండకి ఉక్కపోస్తుందని లోపల పొర వెయ్యలేదు, ఒంటి పొరతోనే వదిలేశాను. ముప్ఫై ఏళ్ళు నీలి చేతులకి భయపడి బతికినదాన్ని, తెల్లబట్ట ఒంటి పొర ఆ చెమటకి ఆగుతుందా అని ఒక్క నిమిషం ఆలోచించలేదు. మనసులో మంటగా ఉన్నప్పుడు చెయ్యి దాని పాటికి అది పోతుంది, బుర్ర పని చెయ్యదు.

పెళ్ళికి రెండు రోజుల ముందు సెంటు సీసా ఫోను చేసింది. రుమాళ్ళలో ఇరవై లేతగా ఉన్నాయట, పక్కపక్కన పెడితే తేడా తెలుస్తోందట. అక్క ఆ ఇరవైనీ వెనక్కి తెప్పించి ఇంకో మూడు మునకలు వేసింది. రంగు దిగకుండా మూడు నీళ్ళలో ఉతికి ఆరేసింది. రుమాళ్ళకైతే మూడు ఉతుకులు దొరికాయి. చేతులు మాత్రం పెళ్ళినాటి పొద్దుటికి తాజా నీలంతో నిగనిగలాడుతున్నాయి.

తోట బాగుంది, అబద్ధమెందుకు. పచ్చిక మీద తెల్ల కుర్చీలు, తెల్ల పూలు, తెల్ల గొడుగులు, తెల్లబట్టల్లో జనం. పాలల్లో పడ్డ ఈగలా నాకు ఊపిరాడలేదు. బల్లల మీద ఒక్కో పళ్ళెం పక్కన మడత పెట్టిన నీలం రుమాలు. అంత తెల్లదనంలో కంటికి ఆనేది అదొక్కటే. వచ్చినవాళ్ళంతా రుమాలు చేత్తో పట్టుకుని, కార్డు చదివి, "ఎవరండీ ఆ తల్లి?" అంటున్నారు. ఆ తల్లి ఇసుక రంగు గౌనులో, తెల్ల గ్లౌజులతో, చివరి వరసలో కూర్చుని ఉంది. ఆమే అని ఎవరికీ తెలీదు.

రిజిస్ట్రారు వచ్చాడు, సంతకాలయ్యాయి. అబ్బాయి తన కాగితం చదివాడు. గోరింక తన కాగితం చదివింది. "నన్ను ఇక్కడి దాకా నడిపించిన చేతులు నీలం రంగువి" అని మొదలుపెట్టింది. చక్కగా రాసింది. గొంతు కూడా ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ ఆ నీలం రుమాలుతోనే కళ్ళు ఒత్తుకుంది. నా పక్కన అక్క కూడా చప్పట్లు కొట్టింది. గ్లౌజులు గనుక చప్పుడు రాలేదు.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, చప్పట్లు కొట్టలేదు. 

తర్వాత ఫొటోలు. ఎండ నడినెత్తికి వచ్చింది. అబ్బాయి తల్లీతండ్రీ అయ్యారు, స్నేహితులయ్యారు. "ఇప్పుడు పెళ్ళికూతురి అమ్మగారు" అని పిలిచాడు ఫొటోగ్రాఫరు. అక్క లేచి నడిచింది. గోరింక పక్కకి వెళ్ళి, దాని నడుము చుట్టూ చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. అప్పుడు చూశాం అందరం. పది వేళ్ళ కొసల్లోనూ తెల్లబట్టలోంచి నీలం ఊరుతోంది. అరచేతిలో ఒక మచ్చ, అది చూస్తుండగానే పెద్దదవుతోంది. అక్క చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది, నా గదిలోకి వచ్చేటప్పుడు పెట్టుకున్నట్టే.

సెంటు సీసా పరుగున వచ్చింది. "ఆంటీ, గౌనుకి తగలనివ్వకండి, ప్లీజ్. గ్లౌజులు తీసేద్దాం." ఒకటి మణికట్టు దగ్గర లాగి, లోపల చూసి, మళ్ళీ కిందికి లాగేసింది. "వద్దు. వద్దులెండి."

గోరింక అక్క మొహం చూడలేదు. తన గౌను చూసుకుంది, పక్కనే నిలబడ్డ అత్తగారిని చూసింది. ఎక్కువసేపు పట్టలేదు.

"పిన్నీ, నువ్వు రా" అంది.

నేను కదల్లేదు. అక్కే నా దగ్గరికి వచ్చింది. "వెళ్ళవే. ఎండలో ఎంతసేపు నిలబెడతావు పిల్లని" అంది. మామూలుగానే అంది.

నేను వెళ్ళాను. ఇంత కథా చెప్పుకొచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే. నోరున్నదాన్ని, ఊళ్ళో అందర్నీ కడిగి పారేసేదాన్ని, నూటయాభై మంది ముందు నోరు మూసుకుని వెళ్ళి అక్క చోట నిలబడ్డాను. "అమ్మగారూ, చెయ్యి పాప భుజం మీద వెయ్యండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. వేశాను. నేను అమ్మని కానని ఎవరూ వాడికి చెప్పలేదు. నేను కూడా.

ఫొటో దిగి వచ్చేసరికి అక్క తోట వెనక కుళాయి దగ్గర గ్లౌజులు ఉతుకుతోంది. సబ్బు నురగ నీలంగా పారుతోంది. నన్ను చూసి, "కుట్టు బాగా కుదిరిందే. బొటనవేలి దగ్గర ఎక్కడా పట్టెయ్యలేదు" అంది.

ఆ తర్వాత నెల రోజులు నేను గోరింకతో మాట్లాడలేదు. అది ఫోను చేస్తే అక్కకి ఇచ్చేదాన్ని. అక్క మామూలుగానే మాట్లాడేది, ఎండ గురించి, నిద్ర గురించి, అల్లుడి గురించి. ఆ మామూలుతనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. దెబ్బ తిన్నది ఆవిడ, మంట నాకు. గ్లౌజుల మరకలు పోలేదు. అక్క వాటిని బానలో ముంచి పూర్తి నీలం చేసేసింది. ఇప్పుడు పొయ్యి మీద గిన్నెలు దించడానికి వాడుతోంది. పారేయమంటే, బట్టేం పాపం చేసిందే అంటుంది.

మొదటి వాన పడ్డ రోజు పొద్దున్నే సెంటు సీసా ఫోను చేసింది. ఆ పెళ్ళి ఫొటోలు చూసి ఇంకో పెళ్ళివాళ్ళు ముచ్చట పడ్డారట. వచ్చే ఆడవాళ్ళందరికీ తెల్ల గ్లౌజులు కావాలట, ముప్ఫై జతలు. "మీ అక్కగారి మీద ఎంత బాగున్నాయో అనుకున్నారు ఆంటీ" అంది. సాయంత్రానికి చెబుతానని పెట్టేశాను.

మధ్యాహ్నం గోరింక వచ్చింది, ఒక్కతే. కాగితంలో చుట్టిన ఫ్రేము చేతిలో ఉంది. ముందు గదిలో నేనున్నా ఆగకుండా పెరట్లోకి వెళ్ళింది. నేను మిషను ఆపి వెనకే వెళ్ళాను. అక్క ఫ్రేముని అంచుల దగ్గర రెండు గోళ్ళతో పట్టుకుని చూస్తోంది. వెన్న రంగు గౌనులో గోరింక, పక్కన నేను. దాని భుజం మీద నా చెయ్యి తెల్లగా పడింది.

"గౌను బాగా పడింది" అంది అక్క. "ఎక్కడ తగిలిద్దామే దీన్ని?"

"తగిలిస్తే నేను ఈ ఇంట్లో ఉండను" అన్నాను.

గోరింక నా వైపు తిరిగింది. "నా మీద అసహ్యమా పిన్నీ నీకు?"

"నీ మీదా ఉంది. అంతకన్నా నా మీదే ఎక్కువుంది. ఆ ఫొటో చూసి నువ్వెలా తింటున్నావే ఆ ఇంట్లో అన్నం?"

అది బాన అంచు దగ్గర చతికిలబడింది. కంపు కొడుతున్నా ముక్కు మూసుకోలేదు, అక్కడే పెరిగిన పిల్ల. "అక్కడ ఇంకా పెద్దది కట్టించి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు, ఈవిడ మీ అమ్మగారా అని."

"ఏమంటున్నావు?"

 వాన చినుకులు బాన మూత మీద పడుతున్నాయి.

"అవునంటున్నా" అంది.

నేను అక్క వైపు చూశాను. అక్క ఫ్రేముని జాగ్రత్తగా గోడకి ఆనించి, తడవకుండా మీద గోనె కప్పుతోంది. కప్పడం అయిపోయినా చెయ్యి గోనె మీదే ఉంచేసింది.  నలభై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ చేతుల్ని, పని లేకుండా ఒకచోట ఆగిపోవడం ఎప్పుడూ చూడలేదు.

నేను రవిక చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాను. పెద్ద బాన మూత తీసి పక్కన పెట్టాను. గుప్పున కంపు వచ్చింది.

"ఏం చేస్తున్నావే?" అంది అక్క. "లోపల పన్నెండు కోట్లున్నాయి. అవి ఎవరు కుడతారు?"

"ఎవరో ఒకరు."

"పొద్దున వచ్చిన గ్లౌజుల బేరమో?"

"అదీ అంతే."

నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. వేళ్ళు మునిగాయి. ఇన్నేళ్ళ భయం, అక్కడ నా చెయ్యి నిలిచిపోయింది. గోరింక లేచి నిలబడింది. అక్క గోనె వదిలి నా పక్కకి వచ్చింది. ఆపుతుందనుకున్నాను. బానలోకి తొంగి చూసింది, బట్టని చూసినట్టే నా చేతుల్ని చూసింది.

"ఆగకు" అంది. "మణికట్టు దాకా ముంచు. సగంలో ఆపితే గీత పడుతుంది."